ఆపద పుస్తకాలను ఎలా చదవాలి: కొండదారి పట్టేవారికి ఒక పద్ధతి

దసరా వానలు తగ్గి గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, నీరు తేటపడిన తరువాత, ఆదివారాల్లో విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల నుంచి బళ్ల మీద సీతంపేట, కురుపాం, మందస కొండల వైపు వెళ్లే యువకులు ఏటికేడు ఎక్కువవుతున్నారు. వారిలో చదివే అలవాటు ఉన్నవారి సంచుల్లో తరచుగా ఒక కోవకు చెందిన పుస్తకాలే కనిపిస్తాయి. మంచుకొండ మీద ప్రాణాలు వదిలినవారి కథ, అడవిలో దారితప్పి ఆకలితో పోయినవారి కథ, విరిగిన కాలితో పాకుతూ గుడారానికి చేరినవారి కథ. ఈ పుస్తకాలను చదవవద్దని నేను ఎన్నడూ చెప్పను. వీటిని చదివే తీరు గురించి మాత్రం గట్టిగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. మరణం ఉన్న పేజీ దగ్గర కన్నీళ్లు పెట్టుకొని పుస్తకం మూసేస్తే మనకు మిగిలేది ఉద్వేగం ఒక్కటే. ఆ పేజీ నుంచి వెనక్కి నడుస్తూ, ఆ మనిషి ఇంకా ఇంటికి తిరిగి రాగలిగి ఉండిన చివరి చోటు ఏదో వెతికితే, ఆ పుస్తకం మన కొండ మీద కూడా మనతో నడుస్తుంది. ఆ వెతుకులాట ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

మొదట పుస్తకాన్ని ఎంచుకోవడం గురించి చెప్పాలి. ఇటువంటి పుస్తకాలు నాలుగు రకాలుగా దొరుకుతాయి. ఆపద నుంచి బతికి బయటపడినవారు తమ కథ తామే రాసినవి కొన్ని. చనిపోయినవారి అడుగుజాడలను మరొకరు ఆరా తీసి రాసినవి కొన్ని. ఒక కొండలో, ఒక లోయలో ఏళ్ల తరబడి జరిగిన ప్రమాదాలను వరుసగా నమోదు చేసినవి కొన్ని. రహదారులు సరిగా లేని కాలంలో నడిచి, పల్లకీల్లో వెళ్లి, రోజువారీగా రాసిపెట్టుకొన్న పాత యాత్రా గ్రంథాలు నాలుగో రకం. కొత్తగా మొదలుపెట్టేవారు ఎవరెస్టు పుస్తకంతో మొదలుపెట్టకపోవడం మంచిదని నా అభిప్రాయం. అక్కడి తాళ్లు, ప్రాణవాయువు సీసాలు, మంచు పగుళ్లు మనకు తెలియని లోకానికి చెందినవి కావడంతో పాఠకుడు చూపరిగానే మిగిలిపోతాడు. నది, ఆకలి, పటం లేకపోవడం వంటి మామూలు కారణాలతో మరణం సంభవించిన పుస్తకాన్ని ముందు తీసుకోవాలి. రెండో రకానికి చెందిన జాన్ క్రాకవర్ రచన ‘ఇంటూ ది వైల్డ్’ అందుకు సరిపోతుంది. 1996లో వచ్చిన ఈ పుస్తకం, అలాస్కా అడవిలో ఒంటరిగా బతకాలని వెళ్లి 1992 ఆగస్టులో ప్రాణాలు కోల్పోయిన క్రిస్టఫర్ మెకాండ్లెస్ అనే 24 ఏళ్ల యువకుడి కథ.

పుస్తకం చేతికి వచ్చాక రెండుసార్లు చదవాలి. మొదటిసారి కలం పట్టకుండా, కథగా, ఆ మనిషి మీద ప్రేమ పుట్టేటంత నిదానంగా చదవాలి. ప్రేమ పుట్టకముందే తప్పులు లెక్కపెట్టడం మొదలుపెడితే ‘ఎంత తెలివితక్కువవాడు’ అన్న తీర్పుతో పుస్తకం ముగిసిపోతుంది. ఆ తీర్పు పాఠకుడికి ఏమీ నేర్పదు, పైగా తనకు అలాంటిది జరగదన్న ధీమా ఇస్తుంది. రెండోసారి చదివేటప్పుడు ఒక నోటుపుస్తకంలో నాలుగు నిలువు గడులు గీసుకోవాలి. మొదటి గడిలో తేదీ లేదా గంట, రెండో గడిలో చోటు, మూడో గడిలో ఆ క్షణానికి ఆ మనిషికి తెలిసిన సంగతి, నాలుగో గడిలో పాఠకుడిగా నాకు ఇప్పుడు తెలిసిన సంగతి రాయాలి. మూడో గడికీ నాలుగో గడికీ మధ్య ఉన్న తేడాయే ఈ చదువుకు ప్రాణం. జరిగిపోయిన తరువాత అందరికీ అన్నీ తెలుస్తాయి. ఆ గంటలో ఆ మనిషికి ఏమి తెలుసో, తెలుసుకొనే వీలు ఉండి కూడా ఏది తెలుసుకోలేదో విడదీసి రాసినప్పుడే మనం న్యాయంగా చదివినట్టు.

మెకాండ్లెస్ కథనే ఈ గడుల్లో పెట్టి చూద్దాం. 1992 ఏప్రిల్ చివర ఆయన స్టాంపీడ్ ట్రెయిల్ అనే పాత దారి పట్టి అడవిలోకి వెళ్లాడు. మధ్యలో టెక్లానికా అనే నదిని దాటాడు. చలికాలం ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి నీరు తక్కువగా ఉంది, దాటడం సులువైంది. అడవిలో వదిలేసిన ఒక పాత బస్సులో రెండు నెలలకు పైగా గడిపి, జూలై మొదట్లో ఇంటిదారి పట్టాడు. నది దగ్గరకు వచ్చేసరికి ఎండలకు హిమానీనదాలు కరిగి, అదే టెక్లానికా దాటడానికి వీలులేనంతగా పొంగి ఉంది. వెనుదిరిగి బస్సుకు చేరాడు, ఆరు వారాల తరువాత అక్కడే మరణించాడు. ఆయన ఆగిపోయిన చోటికి ఒక మైలు లోపే నదికి అడ్డంగా ఇనుప తీగ మీద నడిచే తొట్టి ఒకటి ఉండేది, దానితో అవతలికి చేరి ఉండవచ్చు. ఆయన దగ్గర ఆ ప్రాంతపు వివరమైన పటం లేదు. ఇప్పుడు గడులు నింపితే, తొట్టి సంగతి నాలుగో గడిలోకి వెళుతుంది, ఎందుకంటే అది ఆయనకు తెలియదు. పటం కొనలేదన్న సంగతి మూడో గడిలో పడుతుంది, ఎందుకంటే అది ఆయన ఎంచుకొన్న దారి. ఇక తిరిగి రాగలిగిన చివరి చోటు ఏది? చాలామంది జూలైలో నది ఒడ్డు అంటారు. నేను ఏప్రిల్‌లోని నది ఒడ్డు అంటాను. దాటుతున్న గంటలోనే ‘ఈ నీరు రెండు నెలల తరువాత ఎలా ఉంటుంది’ అన్న ప్రశ్న వేసుకొని ఉంటే, మిగిలిన కథ వేరుగా నడిచేది.

ఈ ప్రశ్న మన నేల మీద ఎంత అవసరమో నాగావళి ఒడ్డున పుట్టినవారికి చెప్పనక్కరలేదు. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి మన వైపు వస్తాయి. పార్వతీపురంలో చినుకు లేకపోయినా ఎగువన రాయగడ వైపు గట్టి వాన పడితే తోటపల్లి దగ్గర నీరు పెరుగుతుంది. కొండల్లోని చిన్న గెడ్డలదీ అదే తీరు, కాకపోతే రోజుల్లో జరిగేది అక్కడ గంటల్లో జరుగుతుంది. ఉదయం మోకాలి లోతున దాటిన గెడ్డ, కొండ పైన మధ్యాహ్నం ఒక వాన పడితే, సాయంత్రానికి నడుము దాటి పారుతుంది. కనుక టెక్లానికా పేజీ చదివిన రోజునే, మీరు తరచుగా వెళ్లే దారిలో ఎన్ని గెడ్డలు అడ్డం వస్తాయో, ఏ గెడ్డకు ఎంత దూరంలో వంతెన లేదా కల్వర్టు ఉందో నోటుపుస్తకంలో రాయండి. తెలియకపోతే ఆ దారిలోని ఊరివారిని అడిగి రాయండి. వారికి ఏ గెడ్డ ఏ నెలలో మనిషిని నిలవనివ్వదో తెలుసు.

ఇదే పుస్తకం మరో హెచ్చరికను కూడా ఇస్తుంది, అది రచయిత ఉద్దేశించినది కాదు. పుస్తకాన్ని ప్రేమించిన పాఠకులు వందలుగా ఆ బస్సును చూడడానికి బయలుదేరారు. అదే టెక్లానికా నదిని దాటబోయి 2010లో ఒక యువతి, 2019లో మరో యువతి మరణించారు. చాలామందిని రక్షక బృందాలు మోసుకురావలసి వచ్చింది. చివరకు 2020 జూన్‌లో ఆ బస్సును హెలికాప్టర్‌తో ఎత్తి అడవి నుంచి తీసివేశారు. చదివిన చోటును కళ్లతో చూడాలన్న కోరిక సహజమే. ఆ కోరిక బలంగా కలిగినప్పుడు పుస్తకాన్ని ఒక నెల పక్కన పెట్టి, నోటుపుస్తకంలోని గడులను మాత్రమే మళ్లీ చదవాలని నేను చెబుతాను.

మరణానికి కారణం ఏమిటన్న విషయంలో రచయిత మాటను కూడా తుది తీర్పుగా తీసుకోరాదు. మెకాండ్లెస్ తిన్న అడవి గింజల్లో విషం ఉందని క్రాకవర్ నమ్మాడు. అది ఏ విషమన్న విషయంలో ఆయన అభిప్రాయం ఇరవై ఏళ్లలో కొన్నిసార్లు మారింది. 2013లో ఆయన సూచించిన పదార్థం మన దేశంలో కేసరి పప్పు తిని కాళ్లు పడిపోయిన పేదవారి కథల్లో వినిపించే పదార్థమే. తరువాత జరిపించిన పరీక్షలతో ఆ మాటను కూడా సవరించుకొన్నాడు. తన తప్పును బయట పెట్టుకొని సరిదిద్దుకొన్నందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. పాఠకుడు మాత్రం నోటుపుస్తకంలో కారణం పక్కన ‘రచయిత అభిప్రాయం’ అని రాసుకోవాలి, ‘నిజం’ అని రాయరాదు.

ఇక ఎవరెస్టుకు రావచ్చు. 1996 మే 10, 11 తేదీల్లో ఎవరెస్టు మీద తుపానులో ఎనిమిదిమంది మరణించారు. ఆ బృందాల్లో ఒకదానిలో ఉండి బతికి వచ్చిన క్రాకవర్ 1997లో ‘ఇంటూ థిన్ ఎయిర్’ రాశాడు. మరో బృందానికి మార్గదర్శకుడైన అనతోలీ బుక్రీవ్, శిఖరం నుంచి తనవారికంటే ముందుగా దిగి వచ్చాడన్న విమర్శను ఆ పుస్తకంలో ఎదుర్కొన్నాడు. అదే ఏడాది ‘ది క్లైంబ్’ అన్న పుస్తకంలో తన వైపు సంగతి చెప్పాడు. ఆ రాత్రి మంచు తుపానులో మళ్లీ బయటకు వెళ్లి కొందరిని గుడారాలకు చేర్చినవాడు కూడా ఆయనే. ఈ రెండు పుస్తకాలనూ ఒకదాని వెంట ఒకటి, ఒకే నోటుపుస్తకంతో చదవాలి. ఒకే గంట గురించి ఇద్దరు ఏమి రాశారో ఎదురెదురుగా పెట్టినప్పుడు, ప్రాణవాయువు పలచబడిన చోట మనిషి జ్ఞాపకం ఎంత బలహీనమో తెలుస్తుంది. ఎవరిది అబద్ధమని తేల్చే పని మనది కాదు. ఇద్దరి పుస్తకాల్లోనూ తేడా లేకుండా నిలిచే సంగతులకు గీత గీయడం మన పని.

అలా గీత గీసిన సంగతుల్లో అన్నిటికంటే విలువైనది వెనుదిరిగే గంట. శిఖరం చేరినా చేరకపోయినా మధ్యాహ్నం 1 గంటకో 2 గంటలకో వెనక్కి తిరగాలన్న మాట ముందే ఉంది. అది 1 గంటా, 2 గంటలా అన్నది కచ్చితంగా ఎవరూ తేల్చి చెప్పలేదు. ఆ రోజు 2 గంటలు దాటిన తరువాత కూడా పలువురు పైకి ఎక్కుతూనే ఉన్నారు. తుపాను వారిని చంపిందని చెప్పడం నిజమే, కాని ఆ తుపాను మొదలయ్యే వేళకు వారు అక్కడ ఉండవలసినవారు కాదు.

ఈ పేజీలు చదివినప్పుడు నా ఒళ్లు గగుర్పొడిచింది. అందుకు కారణం మంచు కాదు. చాలా ఏళ్ల కిందట నవంబరులో మేము నలుగురం సీతంపేట వైపు ఒక కొండ ఎక్కాము. రెండు గంటలకు వెనుదిరగాలని కింద టీ దుకాణంలో అనుకొన్నాము. రెండు గంటలకు శిఖరం కళ్లెదుట ఉంది. ‘అదిగో అల్లదిగో’ అనుకొంటూ ఎక్కి, నాలుగు గంటలకు పైకి చేరాము. దిగేటప్పుడు ఐదున్నరకే కొండ నీడలో చీకటి పడింది. పోడు చేసిన చెక్కల మధ్య దారి చీలికలు చీలికలై, ఏది ఊరికి పోతుందో, ఏది పశువులు నడిచినదో తెలియలేదు. నీళ్లు అయిపోయాయి, మాలో ఒకరికి చీలమండ బెణికింది. రాత్రి ఎనిమిది దాటాక దూరంగా మంట కనిపిస్తే కేకలు వేశాము. ఒక సవర కుటుంబం దివిటీతో ఎదురు వచ్చి, తమ ఇంట చోడి అంబలి పోసి, తెల్లవారాక కిందిదాకా తోడు వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు, ‘ఎండ దిగకముందే దిగాలి నాయనా’ అని మాత్రం అన్నాడు. ఎనిమిది వేల మీటర్ల ఎత్తున జరిగిన పొరపాటు, దానిలో పదో వంతు కూడా లేని మా కొండ మీద అచ్చంగా అలాగే జరిగింది. అప్పటి నుంచి వెనుదిరిగే గంటను నేను కాగితం మీద రాసి, నలుగురి చేత సంతకం పెట్టిస్తాను. మాట మీద ఉన్న గంట శిఖరం కనబడగానే మాసిపోతుంది.

కొన్ని పుస్తకాల్లో తిరిగి రాగలిగిన చివరి చోటు మరణానికి గంటల ముందు కాక, నెలల ముందు ఉంటుంది. అందుకు అన్నిటికంటే పెద్ద ఉదాహరణ దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ 1912 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మరణించిన కెప్టెన్ స్కాట్ బృందం. వారి చివరి గుడారం, తిండి నిల్వ ఉంచిన ‘వన్ టన్’ డిపోకు 11 మైళ్ల దూరంలో ఉంది. ఆ డిపోను మొదట 80వ అక్షాంశం దగ్గర పెట్టాలనుకొన్నారు. 1911 ఫిబ్రవరిలో గుర్రాలు నీరసించడంతో దాదాపు 30 మైళ్లు ఇవతలే దించేశారు. అనుకొన్న చోట పెట్టి ఉంటే చివరి గుడారానికి ముందే వారు దానిని చేరి ఉండేవారు. గుర్రాల మీద జాలితో తీసుకొన్న నిర్ణయం, ఒక ఏడాది తరువాత మనుషుల దగ్గర తన లెక్క అడిగింది. ఆ యాత్రలో సభ్యుడైన ఆప్స్లీ చెర్రీ-గరార్డ్ 1922లో రాసిన ‘ది వర్స్ట్ జర్నీ ఇన్ ది వరల్డ్’ ఈ కోవ పుస్తకాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ధ్రువపు శీతకాలపు చీకట్లో, పెంగ్విన్ గుడ్ల కోసం ముగ్గురు చేసిన ఐదు వారాల ప్రయాణం ఆ పుస్తకానికి పేరు ఇచ్చింది. ఆ ముగ్గురిలో మిగిలిన ఇద్దరూ, విల్సన్, బవర్స్, ఆ మరుసటి ఏడాది స్కాట్ పక్కనే మరణించారు. స్కాట్ తిరిగివచ్చే వేళకు వన్ టన్ డిపో దగ్గర కొన్ని రోజులు కాచుకొని, ఆజ్ఞలకూ వాతావరణానికీ లోబడి వెనక్కి వచ్చినవాడు చెర్రీ-గరార్డే. ఇంకాస్త దక్షిణానికి వెళ్లి ఉంటే బతికించి ఉండేవాడినేమో అన్న బాధ ఆయనను జీవితాంతం వదలలేదు. అందుకే ఆ పుస్తకంలో తప్పులు ఎంచే స్వరం ఉండదు. మూడో గడినీ నాలుగో గడినీ ఎలా విడదీయాలో నేర్చుకోదలచినవారు ఆయన దగ్గర నేర్చుకోవాలి.

బతికి వచ్చినవారి పుస్తకాల గురించి క్లుప్తంగా చెబుతాను. 1985లో పెరూలోని సియులా గ్రాండే కొండ మీద కాలు విరిగిన జో సింప్సన్, తనను తాడుతో దించుతున్న మిత్రుడు విధిలేక ఆ తాడు కోయడంతో మంచు పగులులో పడి, పాకుతూ రోజుల తరువాత శిబిరానికి చేరాడు. 1988లో వచ్చిన ‘టచింగ్ ది వాయిడ్’లో అందరూ తాడు కోసిన క్షణం గురించే మాట్లాడుకొంటారు. మంచు కరిగించి నీళ్లు తాగడానికి కావలసిన గ్యాసు అప్పటికే అయిపోయిందన్న చిన్న వాక్యం దగ్గర మీరు ఆగండి. తుపానులో ఆగకుండా దిగక తప్పని స్థితికి అది కూడా వారిని నెట్టింది. ఏరన్ రాల్‌స్టన్ 2003లో యూటా ఎడారి లోయలో బండ కింద చేయి ఇరుక్కొని ఐదు రోజులకు పైగా ఉండిపోయి, చివరకు తన చేతిని తానే కోసుకొని బయటపడ్డాడు. ఆ కథలో తిరిగి రాగలిగిన చివరి చోటు లోయలో లేదు, ఇంట్లో ఉంది. ఎక్కడికి వెళుతున్నాడో ఆయన ఎవరికీ చెప్పలేదు. బతికినవారి పుస్తకాలు చదివేటప్పుడు ధైర్యమే వారిని కాపాడిందన్న భావన కలుగుతుంది. అంతే ధైర్యం ఉండి కూడా రానివారు పుస్తకం రాయలేదన్న సంగతిని పాఠకుడు మరచిపోరాదు.

మూడో రకం పుస్తకాలు, అంటే ప్రమాదాల నమోదులు, చదవడానికి పొడిగా ఉంటాయి, కాని అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేవి అవే. అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచి ఏటా కొండ ప్రమాదాల వివరాలు, వాటి కారణాలు అచ్చు వేస్తోంది. గ్రాండ్ కాన్యన్‌లో జరిగిన మరణాలన్నిటినీ కారణాల వారీగా కూర్చిన పెద్ద పుస్తకం 2001లో వచ్చింది. మన ఎండలకు గ్రాండ్ కాన్యన్ పాఠాలు అతికినట్టు సరిపోతాయి. అక్కడ చల్లటి ఉదయం పూట లోయలోకి దిగడం సుఖంగా ఉంటుంది, ఎండ మాడే వేళకు ఎక్కడం మొదలవుతుంది, అలసటా దాహమూ ఆ ఎక్కుడులోనే మనిషిని పట్టుకొంటాయి. ఉప్పు లేకుండా నీళ్లు మాత్రమే తాగుతూ పోయినా ప్రాణానికి ముప్పు వస్తుంది, రక్తంలో ఉప్పు పలచబడి మనిషి మత్తుగా, తికమకగా మారుతాడు. మన పెద్దలు పొలానికి పట్టుకెళ్లిన ఉప్పు వేసిన గంజి, మజ్జిగ వెనుక ఉన్న జ్ఞానం ఇదే. మార్చి దాటిన తరువాత కొండకు వెళ్లేవారు నీళ్ల సీసాలను లెక్కపెట్టుకోవడంతో పాటు వాటిలో ఉప్పు ఏ పాటి ఉందో కూడా చూసుకోవాలి.

2013 జూలైలో అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్ మీద నడుస్తున్న 66 ఏళ్ల మహిళ కాలకృత్యానికి దారి దిగి, మళ్లీ దారి కనుగొనలేకపోయింది. ఆమె మీద వచ్చిన పుస్తకం చదివిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. సిగ్నల్ దొరుకుతుందని ఎత్తయిన చోటికి ఎక్కింది, ఫోను నుంచి పంపిన సందేశాలు ఒక్కటీ బయటకు పోలేదు. కనీసం 26 రోజులు బతికి ఉండి డైరీ రాసుకొంది. 2015 అక్టోబరులో ఆమె గుడారం దొరికినప్పుడు అది దారికి రెండు మైళ్ల లోపే ఉంది. వందలమంది వెతికారు. సిగ్నల్ కోసం ఎక్కిన కొద్దీ దారికి దూరమైంది. మన ఏజెన్సీ గ్రామాల్లో నేటికీ సిగ్నల్ కోసం చెట్టు కింద ఒక మూలకో, మలుపులోని ఒక బండ మీదకో వెళ్లే వాడుక ఉంది. ఈ కథ నుంచి మేము తీసుకొన్న నియమం చాలా చిన్నది. ఎంత ఆత్మీయుల మధ్యనైనా, దారి దిగేవారు తమ సంచిని దారి మీదే పెట్టి దిగాలి, మరొకరు ఆ సంచి దగ్గర నిలబడాలి. ఒంటరిగా ఉంటే చేతిగుడ్డ కట్టి, ప్రతి పది అడుగులకు వెనక్కి తిరిగి చూడాలి. దారి కనిపించకపోతే కూర్చొని ఈల ఊదాలి.

మన భాషలో ఈ చదువు మొదలుపెట్టదలచినవారు ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ తీయాలి. 1830 మేలో చెన్నపట్నం నుంచి సుమారు వందమంది పరివారంతో బయలుదేరి, కాశీ, గయ, కలకత్తా, జగన్నాథం మీదుగా 1831 సెప్టెంబరులో ఆయన తిరిగి చేరాడు. తిరుగు దారి మన శ్రీకాకుళం, విజయనగరం మీదుగా సాగింది. పుస్తకం 1838లో అచ్చయింది. దాన్ని భక్తి గ్రంథంగానూ చరిత్ర గ్రంథంగానూ చదివినవారు ఉన్నారు. నేను దాన్ని దారి పుస్తకంగా చదువుతాను. ఏ మజిలీకీ ఏ మజిలీకీ మధ్య ఎంత దూరం, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, ఎక్కడ అడవి దట్టం, ఏ నదిని ఎలా దాటాలి అని వరుసగా రాసుకొంటూ వెళ్లిన ఆ తీరే ఆయనను, ఆయనను నమ్ముకొన్నవారిని కాపాడింది. ప్రమాదం జరగని పుస్తకం నుంచి కూడా నేర్చుకోవాలన్న పాఠం నాకు ఆయన దగ్గరే దొరికింది.

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు పేరు కూడా ఇక్కడ చెప్పాలి. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలను ఎక్కిన మనిషి, 2015 మార్చి చివర ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ మరణించాడు. అంతటి అనుభవజ్ఞుడికి అలా ఎందుకు జరిగిందని మా పిల్లలు అడుగుతారు. అనుభవం ఆపదను తగ్గిస్తుంది, చెరిపివేయదని చెబుతాను. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన తల్లిని తలచుకొని గొంతు తగ్గించి చెబుతాను.

చదివినదాన్ని మన కొండకు మార్చుకొనే పని చివరగా వస్తుంది, కాని ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. ప్రతి పుస్తకం నుంచి ఒకే ఒక్క నియమం తీసుకోవాలి, పది తీసుకొంటే ఒక్కటీ నిలవదు. ఆ నియమాన్ని మన పేర్లతో తిరగరాయాలి. ‘హిమానీనదం కరిగితే’ అన్న చోట ‘ఎగువన ఒడిశాలో వాన పడితే’ అని, ‘తెల్ల ఎలుగు’ ఉన్న చోట ‘ఉద్దానం జీడితోటల్లో తెల్లవారుజామున తిరిగే ఎలుగు’ అని రాయాలి. పార్వతీపురం వైపు కొండల్లో ఏనుగుల గుంపు తిరుగుతోందన్న కబురు ఉన్నప్పుడు అటు వెళ్లకపోవడమే నియమం. మే నెల మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరుము వినబడితే శిఖరం మీదా, ఒంటరి తాటిచెట్టు కిందా నిలబడరాదు. కట్లపాము, రక్తపింజరి కాటుకు మంత్రం పెట్టించే ఆలస్యం లేకుండా, పాము మందు ఉన్న ఆసుపత్రి ఏదో బయలుదేరకముందే కనుక్కోవాలి. కాలు విరిగినవారిని దించడానికి కొండ ఊళ్లలో డోలీ తప్ప మరో సాధనం లేని చోట్లు ఇంకా ఉన్నాయి. మనం ఆదివారం సరదాకు నడిచే దారిలోనే నిండు గర్భిణిని కర్రకు దుప్పటి కట్టి మోసుకువస్తారు. ఆ దారిలోని కష్టం వారికి పుస్తకం కాదు, బతుకు. ఆ సంగతి తెలిసి నడిచేవారు అక్కడ వదరుగా ప్రవర్తించరు, మోయమని అడగవలసిన పరిస్థితి తెచ్చుకోరు.

మన కొండల్లో, గెడ్డల్లో జరిగే మరణాలు జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్తగా మొదలై మరునాటికి మాయమవుతాయి. ‘గెడ్డలో గల్లంతు’, ‘పిడుగుపాటుకు మృతి’, ‘ఎలుగు దాడి’ అన్న శీర్షికల కింద వచ్చే ఆ వార్తలను మేము మూడేళ్లుగా కత్తిరించి ఒక పెద్ద రిజిస్టరులో అంటిస్తున్నాము. పక్కనే అవే నాలుగు గడులు ఉంటాయి. పేర్లు రాయము, ఊరు, నెల, గంట, నీటి తీరు, వాతావరణం మాత్రమే రాస్తాము. ఆ ఇంటివారికి ఎప్పుడైనా మా పుస్తకం కంటపడితే వారి మనసు నొచ్చుకోకుండా ఉండాలన్నదే దానికి కారణం. మీ ఊరి గ్రంథాలయంలో ఇలాంటి రిజిస్టరు ఒకటి మొదలుపెట్టండి, పాత వార్తాపత్రికల కట్టలు అక్కడే దొరుకుతాయి.

నలుగురు కలిసి చదవడం మంచిది. నెలకు ఒక పుస్తకం తీసుకొని, ఇంగ్లీషు బాగా వచ్చినవారు ఒక అధ్యాయాన్ని తెలుగులో చెబుతూ పోతే మిగిలినవారు గడులు నింపుతారు. పదేళ్ల లోపు పిల్లలకు ఈ పుస్తకాలు చెప్పవద్దు, చెప్పినా మరణం దగ్గర ఆగి రక్షించినవారి కథ చెప్పండి. ఇంట్లో ఇటీవల ఎవరినైనా పోగొట్టుకొన్నవారు మన గుంపులో ఉంటే, ఆ నెల పుస్తకం మార్చండి. కొండకు బయలుదేరే ముందు రాత్రి మాత్రం ఎవరూ చదవరాదు. భయంతో నడిచే కాలు జారుతుంది, ఉద్వేగంతో నడిచే కాలు తొందరపడుతుంది.

బయలుదేరే ఉదయం చేయవలసినది ఒక్కటే. ఒక తెల్లకాగితం మీద ఎంతమంది, ఏ కొండ, ఏ దారి, వెనుదిరిగే గంట, కిందికి చేరే గంట, ఆ తరువాత ఎంతసేపటికి కబురు లేకపోతే ఎవరికి ఫోను చేయాలి అన్నది రాసి, కొండ కింద ఊరిలో ఒకరికి ఇవ్వాలి. మేము టీ దుకాణం అమ్మకు ఇస్తాము. ఆమెకు చదువు రాదు, అందుకే కాగితం ఇచ్చే ముందు ప్రతి మాటా పైకి చదివి వినిపిస్తాము. సాయంత్రం దిగి వచ్చి, ఆమె చేతి నుంచి కాగితం తీసుకొని, రెండో టీ తాగి ఇంటిదారి పడతాము.